మన్నాన్ భాయ్ అడిగిన పదిహేను రోజులు

అమ్మలారా, అయ్యలారా, మన్నాన్ భాయ్ ఇంటావిడ అజ్మతున్నీసా గారూ,

కుర్చీలు చాలక కొందరు గోడవార నిలబడ్డారు. మన కాలనీ పక్క మామిడితోట రైతు మన్నాన్ భాయ్ మొన్న శుక్రవారం కన్నుమూశారు. ఆయన కోసం ఇవాళ ఇంతమందిమి వచ్చాం. రెండేళ్ల కిందట ఆయన ఒక్క సాయం అడిగినప్పుడు మనలో ఎవరం వచ్చాం?

కాలనీ సంఘం కార్యదర్శిగా నేను, హేమచంద్, ఈ మాట చెప్పాలి.

2009లో భీమవరం నుంచి శామీర్‌పేటకు కొత్తగా వచ్చాను. ఆయన మామిడిచెట్టుకు బదనిక పట్టి ఉంటే, రసం పీల్చేస్తుంది, కోసేయమని సలహా ఇచ్చాను. ఆయన నవ్వి, బొటనవేలంత పిట్టను చూపించారు. అది బదనిక పండు తింటుంది, జిగురు గింజను కొమ్మకు రుద్దుతుంది, అక్కడ మళ్లీ బదనిక మొలుస్తుంది. "గీ పిట్టకు గిదే బువ్వ సార్. ఒక్క చెట్టు దానికిడిసిన," అన్నారు. కాపు పోతుందని తెలిసీ ఒక చెట్టు పిట్టకు వదిలిన రైతును మీరెక్కడైనా చూశారా?

2011 ఏప్రిల్‌లో మన రోడ్డు పనికి కాలనీ గోడ పక్క వేపచెట్టు అడ్డమొచ్చింది. దాని కొమ్మకు ఆ పిట్టల గూడు వేలాడుతోంది. దూదీ సాలెగూడూ కలిపి అల్లిన చిన్న సంచి. లోపల రెండు పిల్లలు. మన్నాన్ భాయ్ మా గుమ్మం దగ్గర నిలబడి అడిగారు: "పదిహేను రోజులాగుండ్రి సార్. పిల్లలెగిరినంక నేనే కొట్టిస్త."

సరేనన్నాను. మిత్రులారా, సరేనన్నది నేనే. మర్నాడు పొద్దున్నే చెట్టు కొట్టేవాళ్లు వచ్చారు. ఇవాళ కాదంటే మళ్లీ నెలకు గానీ రామన్నారు. కొట్టేయమని సంతకం పెట్టిందీ నేనే.

ఆయన పడిన కొమ్మల్లో వెతికి, గూడును రుమాలులో తీసుకెళ్లి తన మామిడికొమ్మకు దారంతో కట్టారు. తల్లిపిట్ట మాత్రం వేపచెట్టు ఉన్న చోటే తిరిగింది. తోటలోకి రాలేదు. ఆయనే పండు మెదిపి పిల్లలకు పుల్లతో పెట్టారు. మూడో రోజుకు రెండు పిల్లలూ పోయాయి.

ఈమధ్య ఆయన మంచాన పడ్డాక వెళ్లాను. పిట్టలు మళ్లీ వచ్చాయా అని అడిగాను.

"రాలే సార్. బదనిక పండ్లు మాగి రాలిపోతానయి. మీ మీద గుస్సా లేదు. మీరు సరే అన్నరని గా రాత్రి చెట్టుకాడ కావలుండక ఇంటికి వోయి పండుకున్న. గా తప్పు నాదే."

క్షమించమని అడగడానికే వెళ్లాను. మందులు వేసుకుంటున్నారా అని అడిగి వచ్చేశాను.

ఆయన పేరున మొక్క నాటుదామని కొందరన్నారు. నాటండి. అది నిలుస్తుందని నాకైతే నమ్మకం లేదు. ఆ తోట చుట్టూ ఇప్పటికే ప్లాట్ల కోసం హద్దురాళ్లు పాతేశారు.

ఇక లేద్దాం. ఫ్యాన్లు ఆపండి, కిటికీలు తెరవండి. రెండు నిమిషాలు మాట్లాడకుండా నిలబడదాం. బయట వినడానికి ఆ పిట్టల కూత ఉండదు. అయినా నిలబడదాం.