వదిన అడిగిన గంట

బ్యాట్‌ని అలా మంచం కిందికి తోసేశావేమిటే? ఇలా వచ్చి కూర్చో. మీ అమ్మ చెప్పిందిలే. ఆఖర్లో నువ్వే చెయ్యెత్తి, నా బ్యాట్ నెట్టుకు తగిలిందన్నావట, ఓడిపోయారట, నీ జోడీ పిల్ల నీతో మాట్లాడటం లేదట. మాట్లాడకపోతే మానె. మా వదిన సంగతి నీకెప్పుడూ చెప్పలేదు కదూ? మీ తాతగారి అక్క. నువ్వు పుట్టేనాటికే పోయింది. మేమిద్దరం ఒకే టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటర్లం. లైను కలవక అవతలివాళ్ళు ఎంత మండిపడుతున్నా, ఆవిడ గొంతు వింటే మెత్తబడిపోయేవారు. సరే, నేను చెప్పబోయేది అది కాదు.

ఆఫీసు వెనక సున్నంతో గీతలు గీసి, రెండు ఇనుప గొట్టాల మధ్య నెట్టు కట్టి, సాయంత్రాలు మగవాళ్ళు షటిల్ ఆడేవారు. మాకు కిటికీలోంచి చూడటమే ప్రాప్తం. వదినకేమో ఆ ఆటంటే ప్రాణం, చిన్నప్పుడు వాళ్ళ నాన్నగారు నేర్పారు. అప్పుడన్నీ చెక్క బ్యాట్లు. చెమ్మకు వంకరపోతాయని నాలుగు మరలున్న చట్రంలో బిగించి ఉంచేవాళ్ళు. ఒకనాడు సూపరింటెండెంటు గారి గదిలోకి వెళ్ళి, "రోజూ ఒక గంట ఆడవాళ్ళకు కూడా ఇప్పించండి సార్" అని అడిగేసింది. ఆయన నవ్వి, "నన్ను గెలిచి తీసుకోండమ్మా" అన్నాడు. నిచ్చెనలాంటి మనిషి. ఈవిడ ఆయన భుజం దాకా కూడా రాదు. సరేనంది.

అప్పట్లో ఇప్పటిలా కాదే, సర్వీసు మన చేతిలో ఉంటేనే పాయింటు. లేకపోతే సర్వీసు చేతులు మారుతుందంతే. అందుకని ఆట ఓ పట్టాన తెమలదు. ఆయన చెయ్యి పైకెత్తి సర్వీసు చేస్తే, "నడుము కిందనుంచి సార్" అంటుంది ఈవిడ. షటిల్ కాక్ తన వెనక గీత మీద పడినప్పుడు, మేమంతా "బయటే, బయటే" అంటుంటే, "గీత మీద పడితే లోపలే" అని తన మీద తనే తీర్పు చెప్పుకుంటుంది. టెలిఫోన్ తీగలు లాగే లైన్‌మన్ ఒకడు, నోటిదురుసు మనిషి, "ఆవిడ ఆడుతోందా, పాఠం చెబుతోందా?" అన్నాడు. అలా అలా ఈవిడ గెలుపుకు ఇంకొక్క పాయింటు మిగిలింది. సర్వీసు మా వదినదే. ఆయన తిప్పికొట్టిన కాక్ మెల్లగా నెట్టు దాటి వచ్చింది. ఈవిడ ముందుకురికి టప్పున అవతల పడేసింది. మేమంతా మెట్ల మీద లేచి నిలబడి చప్పట్లు. ఈవిడ బ్యాట్ దించి, "తగిలింది, నెట్టుకు" అంది. ఎవరూ చూడలేదే. ఆయనకూ కనబడలేదు, అయినా కాదనలేదు సుమా. సర్వీసు పోయింది, కాసేపటికి ఆటా పోయింది.

మావాళ్ళు ఊరుకుంటారా? "అది నీ ఒక్కదాని గంటా, ఇచ్చేయడానికి?" అని ముఖం మీదే దులిపేశారు. వదిన బ్యాట్‌ని చట్రంలో పెట్టి మరలు బిగించుకుంది. తమాషా ఏమిటంటే, ఆ తర్వాత మగవాళ్ళకు ఆటలో తగువొస్తే చాలు, "ఆవిణ్ణి పిలవండి" అనేవారు. కూర్చుని తీర్పు చెప్పడానికి ఎత్తు స్టూలు కూడా వేశారు. సూపరింటెండెంటు మీదే తప్పు చెప్పినా, తలొంచుకుని ఒప్పుకునేవాడు. గంట మాత్రం ఇవ్వలేదు, మహానుభావుడు.

ఆయన వెళ్ళిపోయాక కొత్తాయన వచ్చి ఇచ్చాడు. అప్పటికి వదినకు మోకాళ్ళు పట్టేశాయి. కుర్ర ఆపరేటర్లు, "దిగండి అక్కా, మొదటి సర్వీసు మీదే" అని ఒకటే గొడవ. ఆవిడ బ్యాట్ మరలు విప్పి చూస్తే, అల్లిక ఎక్కడికక్కడ తెగి ఉంది. చెక్క మాత్రం వంకరపోలేదు. ఒక పిల్ల తన బ్యాట్ చేతిలో పెట్టింది. దిగింది. నడుము కిందనుంచి, ఎంత పొందికగా వేసిందనుకున్నావ్ ఆ సర్వీసు. అవతలి పిల్ల ఎత్తి కొట్టింది. వదిన కదల్లేకపోయింది. కాక్ వెళ్ళి ఆవిడ వెనక గీత మీద పడింది. మేం నోరు తెరవకముందే వెనక్కి తిరిగి చూసి, "లోపలే" అంది. నవ్వుతోందే, చిన్నపిల్లలా.

...

ఏమిటి, ఆగిపోయానా? ఆఁ, ఏమీ లేదు. ఆ మంచం కింద ఎంత దుమ్ముందో ఏమో. బ్యాట్ తీసి తుడుచుకో.