పెట్టెలో పచ్చదీపం

ఒక్క మీట నొక్కితే ఇంటర్నెట్ వస్తుందని, తన కంపెనీ తయారీ అని తమ్ముడు తెచ్చిచ్చిన పెట్టెను కుట్టుమిషన్ స్క్రూడ్రైవర్‌తో విప్పి చూస్తే, లోపల ఒక బ్యాటరీ, ఒక పచ్చదీపం, బరువు కోసం అతికించిన ఇనపముక్క తప్ప ఇంకేమీ లేవు. అక్క ఆ మూడింటినీ కత్తిరింపు బల్ల మీద పెట్టుకుని, తమ్ముడు వచ్చేదాకా కూర్చుంది.

“ఎందుకు విప్పావక్కా? గ్యారంటీ పోతుంది.”

“దేనికిరా గ్యారంటీ, ఈ ఇనపముక్కకా?”

“ఇది నమూనా. అసలువి ఫ్యాక్టరీలో తయారవుతున్నాయి.”

“ఈ నమూనాతోనేగా మొన్న నా ఫోనులో పాట పెట్టి చూపించావు. నువ్వు టీ తాగడానికి కిందికి దిగగానే పాట ఆగిపోయింది. పైకి రాగానే మళ్లీ మొదలైంది.”

“సిగ్నల్ అన్నాక వస్తూ పోతూ ఉంటుంది.”

“నీ వెంటే మెట్లు ఎక్కి దిగుతుందా? ఇరవై ఏళ్లు మిషన్ తొక్కి నిలబెట్టుకున్న కొట్టు ఇది. దీన్ని అమ్మి నీ కంపెనీలో పెట్టడానికి సాయంత్రం సంతకం చెయ్యాలి. నా కళ్లలోకి చూసి చెయ్యమను, చేస్తాను.”

తమ్ముడు తల ఎత్తలేదు. జేబులోంచి ఫోను తీసి ఇనపముక్క పక్కన పెట్టాడు.

“చెయ్యకక్కా. ఆ రోజు నీ ఫోనుకి ఇంటర్నెట్ వచ్చింది పెట్టెలోంచి కాదు, నా జేబులోని ఈ ఫోను నుంచి. కంపెనీ లేదు, ఫ్యాక్టరీ లేదు. ఆ ఇనపముక్క కూడా నీ పాత మిషన్ పెడల్‌దే.”