పావ్ అంటే పాదం

అలగ గోడకేసి చూస్తావేటి గున్నమ్మ పిన్నీ? తిట్టడానికైనా ఇటు తిరుగు. ఈ హిందీవోళ్ల కోహ్కాలో పదేళ్ల నుంచీ పక్కపక్క గుమ్మాలు మనవి. నీ మనవరాలి కాలు నేను తీసీమన్నానేటి? విషం ఎక్కీసింది, డాక్టర్లు తీసీసారు. ప్రభువు దయ, ప్రాణం దక్కింది. అదే పదివేలనుకోవాల.

ఎన్నిసార్లు సెప్పాను, ఇంట్లో అమ్ముతో హిందీ మాటాడమని? విన్నావా? ఊర్నించి తెచ్చి ఆర్నెల్లయింది, ఇంకా తెలుగే. మా బళ్లో అంతా హిందీ. మిగతా పిల్లలు నవ్వరా మరి?

ఆ రోజు పాఠంలో తప్పేటీ నేదు. వేపచెట్టు నీడని పిల్లల చేత పాదాలతో కొలిపించాను. మడమకి బొటనవేలు ఆనించి అడుగేస్తా లెక్కెట్టాల. పొద్దున్న ఇరవై రెండు పాదాలు, మధ్యాన్నం ఆరు. నీడెందుకు తరిగిందో పైకి చూసి వాళ్లే సెప్పాల. లెక్కా, సైన్సూ ఒక్క చెట్టు కిందే. తనిఖీకొచ్చిన పెద్దోళ్లు వీడియో తీసుకుంటన్నారు. నన్ను పర్మినెంట్ చేస్తారో నేదో ఆ పూటే తేలిపోవాల.

నాలుగో పాదం కాడ అమ్ము ఆగిపోయింది.

"పావు, వెరోనికా మిస్, పావు" అంది.

హిందీలో పావ్ అంటే పాదమే గదా. లెక్కెడతందనుకున్నాను. రేపు విచారణకొచ్చే కమిటీ వోళ్లు అడిగితే నువ్వూ అదే సెప్పాల. ఇంట్లో కూడా పాదాన్ని పావ్ అనే అంటాది మా పిల్ల, అని. కాగితం నేనే రాసి తెచ్చాను, నీకు శ్రమ లేకుండా.

ఏటి, ఇప్పుడు తిరిగావు? మనూళ్లలో పాముని పావనే అంటారని నాకు తెలీదనా?

తెలుసు. మా అమ్మ పోయేదాకా అలాగే అంది. అమ్ము ఏటందో నాకు అర్థమయింది పిన్నీ. కింద రాలిన ఆకుల్లోకి నేను చూడనేదు, చూస్తే ఆగాల గదా. అంతమంది ముందర తెలుగు మాటకి ఉలిక్కిపడితే నేనూ మీలాంటిదాన్నేనని తెలిసిపోదా? నవ్వుతానే అన్నాను, "శాబాష్ బేటా, ఔర్ ఏక్."

నా మొహంకేసి చూసింది. ఇంకో అడుగేసీసింది.

సెప్పిన మాట వినే పిల్ల. ఇంద, వేలిముద్ర ఇక్కడెయ్యి.