తల్లి సంతకం

అది కాదు ఆడ్రీ, "తల్లి లేదా తండ్రి" అని అడిగితే నేను నా పేరు రాయక ఇంకెవరి పేరు రాస్తాను? పదిహేనేళ్లుగా రాస్తున్నదే కదా. టీకాల కాగితం మీద నాదే సంతకం, ప్రోగ్రెస్ కార్డు మీద నాదే, బడి బ్యాండుతో ఊళ్లు తిరగడానికి అనుమతి పత్రం మీదా నాదే. గ్లెన్నా రాట్లిఫ్. ఇన్నేళ్లలో ఒక్కరంటే ఒక్కరు, నువ్వు తల్లివా అమ్మమ్మవా అని అడిగిన పాపాన పోలేదు. ఇప్పుడు మీ కాలేజీ వాళ్లు నింపమన్న ఈ గవర్నమెంటు గ్రాంటు ఫారానికే తేడా తెలిసొచ్చిందా?

ఆ తలుపు కాస్త దగ్గరికి వెయ్యమ్మా. మా మనవరాలు షెల్బీ బయట కుర్చీలోనే ఉంది.

వేశావా? సరే. నువ్వు వాండా కూతురివి కదూ. బడి వంటింట్లో మీ అమ్మా నేనూ పక్కపక్కన నిలబడి ఇరవయ్యేళ్లు వడ్డించాం. నీ పళ్లెంలో రెండో మొక్కజొన్న రొట్టె ముక్క పడేసింది నేనే. గుర్తులేదా? పోనీలే.

మీ ఆఫీసు పంపిన ఉత్తరం దాచిన మాట నిజమే. మూడు వారాలయింది వచ్చి. మీ ఫారం తనిఖీకి ఎంపికైందిట. ఎంపికట! లాటరీ తగిలినట్టు రాశారు. కిందేమో చిన్నచిన్న అక్షరాలు, అబద్ధం చెబితే జరిమానా, జైలు అని. తీసుకెళ్లి ఫ్రీజర్లో జింక మాంసం పొట్లాల కింద పెట్టేశాను. అక్కడైతే పిల్ల చెయ్యి పెట్టదు, దానికి రక్తం చూడ్డమంటే పడదు. మళ్లీ నర్సవుతానంటుంది, ఏం చెప్పను.

నిన్న దాని ఫోనుకే కబురొచ్చింది. శుక్రవారంలోగా గ్రాంటు సంగతి తేలకపోతే నర్సింగు సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారట. ఏడిస్తే బావుండేది. ఏడవలేదు. "పోనీలే అమ్మమ్మా, పెట్రోలు బంకులో మనుషుల్ని తీసుకుంటున్నారట, అడిగొస్తాను" అంది. అప్పుడు వేసింది నాకు అసలు భయం.

ఏవిటీ? పెంచితే చాలదా? కోర్టులో దత్తత తీసుకుంటేనే తల్లి కింద లెక్కా?

తీసుకోలేదమ్మా. తీసుకోవాలంటే మార్లా తల్లిగా పనికిరాదని జడ్జి ముందు నేను నిలబడి చెప్పాలి. మార్లా నా కూతురు. మత్తుమాత్రలకి అలవాటు పడింది, మూడేళ్ల పిల్లని నా వంటింట్లో దించి పోయింది, అంతా నిజమే. అయినా కన్నకూతుర్ని పనికిరానిదని నా నోటితో ఎలా అంటాను? ఇవాళ వస్తుంది, రేపొస్తుంది అనుకుంటూ ఉండిపోయాను.

ఈ కాగితం ఏవిటి? నువ్వే చదువు, కళ్లజోడు ట్రక్కులో ఉండిపోయింది.

"తల్లి ఆచూకీ తెలియదు. విద్యార్థినితో ఆమెకు ఎలాంటి సంబంధమూ లేదు."

అంతేనా? దీని మీద నేను సంతకం పెట్టి, చర్చి పాస్టరు చేత ఇంకో ఉత్తరం తెస్తే, షెల్బీకి తల్లి సంతకం అక్కర్లేదా? నేను చేసింది తెలియక చేసిన పొరపాటని కూడా రాస్తావా? అయితే జైలూ గీలూ ఏం లేదన్నమాట.

పాస్టరు కళ్లు మూసుకుని రాసిస్తాడు. మార్లా వదిలేసి పోయిన సంగతి మా లోయలో ఎవరికి తెలియదు గనక. పెన్ను ఇలా ఇయ్యి.

చూడు, పెన్ను తీసుకుని కూడా సంతకం పెట్టకుండా కూర్చున్నాను. జైలంటే భయం అనుకుంటున్నావు నువ్వు. పొద్దుట్నుంచీ నేనూ అదే అనుకుంటున్నాను.

ఆడ్రీ, మార్లా వచ్చింది.

రెండేళ్ల కిందట, అక్టోబరులో. పొయ్యి మీద ఆపిల్ పళ్లు ఉడుకుతున్నాయి. షెల్బీ బ్యాండుకి వెళ్లింది. గుమ్మంలో నిలబడి ఉంది నా కూతురు, తల శుభ్రంగా దువ్వుకుని, మొహం తేటగా. మాత్రలు మానేసి ఏడాదిన్నర అయిందంది. చార్లెస్టన్‌లో ఏదో హోటల్లో దుప్పట్లు ఉతుకుతోందట. పిల్లని ఒక్కసారి చూసి పోతానమ్మా అంది.

నేను జాలీ తలుపు గడియ తియ్యలేదు. నీ మొహం చూడనంటోంది షెల్బీ, అన్నాను.

షెల్బీ ఏనాడూ ఆ మాట అనలేదు. అమ్మ బతికే ఉందా అని ప్రతి పుట్టినరోజుకీ నన్నే అడుగుతుంది. తెలియదే తల్లీ అంటాను.

ఎందుకలా చేశావంటే ఏం చెప్పను? భయం. షెల్బీ వాళ్లమ్మతో వెళ్లిపోతుందని. మా ఆయన ఊపిరితిత్తుల నిండా గని బొగ్గు నింపుకుని పోయాడు, ఇంక నాకెవరున్నారు?

తలుపు సందులోంచి ఒక చీటీ పడేసి పోయింది. పారెయ్యలేకపోయాను, నా పర్సులోనే ఉంది. ఇదీ మార్లా ఫోను నంబరు. పిలిస్తే గంటలో వస్తుంది, పెన్ను చేత్తో పట్టుకుని మరీ వస్తుంది. వచ్చి ఈ కుర్చీలోనే కూర్చుని, నేను వచ్చానే, మీ అమ్మమ్మే రానివ్వలేదు అంటుంది. అనదా? నేనైతే అంటాను.

ఆ కాగితం వెనక్కి తీసుకో. ఒక అబద్ధానికే ఇంత దూరం వచ్చాం. ఇంకోదాని మీద ఆ పిల్ల చదువు నిలబెట్టలేను, రేపెప్పుడో బయటపడితే గ్రాంటూ పోతుంది, నేనూ పోతాను దాని మనసులోంచి.

ఫోను నువ్వే చెయ్యి. నా గొంతు వింటే పెట్టేస్తుందేమో.

షెల్బీని పిలుస్తావా? ఆగు. ఒక్క నిమిషం ఆగు.

తలుపు అద్దంలోంచి చూడు, షెల్బీ చెయ్యి ఊపుతోంది. తన కోసం నీతో పోట్లాడుతున్నాననుకుంటోంది పిచ్చిది. నేనూ ఊపనీ.