పిల్ల వెనక చప్పుడు

వంటగది నేల మీద కూర్చుని కోడలు ఖాళీ సీసాల్లో బియ్యం, గుండీలు, గులకరాళ్ళు పోసి, ఒక్కోటీ ఆడిస్తోంది. ఏడాదిన్నర పాప అటు తిరిగి డబ్బాలో చెంచాలు వేసుకుంటోంది. అత్తగారు గిన్నెలు తుడుస్తోంది.

“ఇవాళ సీసాల చదువా? నిన్న పప్పులో చేతులు ముంచడంతో డిగ్రీ అయిపోయిందనుకున్నాను.”

“ఇంట్లో ఉన్నవాటితోనే పిల్లకి అన్నీ నేర్పచ్చు అత్తయ్యా.”

“మా పిల్లలకి ఇవేం లేవు. పాపం, చెవులూ ముక్కూ లేకుండానే పెరిగారు.”

“మీ అబ్బాయిని చూస్తే తెలుస్తూనే ఉంది. నాలుగుసార్లు పిలిస్తే గానీ పలకరు.”

“వాడి సంగతి సరే. ఆ గులకరాళ్ళ సీసా పిల్ల వెనకాలే ఎందుకు ఆడిస్తున్నావు? ముందుకొచ్చి ఆడించకూడదూ?”

కోడలి చెయ్యి ఆగిపోయింది.

“మరి మీరో? వారం నుంచీ గిన్నెల మూతలు జారవిడుస్తున్నారు. అదీ సరిగ్గా దాని వీపు వెనకే.”

అత్తగారు గుడ్డ పక్కన పెట్టింది.

“నీ సీసాకి తిరిగిందా?”

“లేదు. మీ మూతకి?”

“ఒక్కసారి. అదీ నా నీడ చూసి.”

కోడలు సీసా కింద పెట్టేసింది.

“చెవుల డాక్టరు దగ్గర రేపటికి చీటీ రాయించాను,” అంది అత్తగారు.

“నాకు చెప్పకుండానా?”

“నువ్వు నాకు చెప్పి ఏడ్చావా?”

“వినబడదంటే ఏం చేద్దాం అత్తయ్యా?”

“ఏముంది? అదృష్టవంతురాలు. మనిద్దరి నోళ్ళూ వినే బాధ తప్పింది.”

అంటూనే ఆవిడ ఇంకో మూత నేల మీదికి వదిలింది. ఇద్దరూ పాప వైపే చూశారు.

పాప ఇంకో చెంచా తీసి డబ్బాలో వేసుకుంది.