పసిగుండెల వైద్యుడికి వీడ్కోలు, ఒక ఉత్తర్వుకు నిరసన

1966 జూన్ ఒకటవ తేదీన మా ఆసుపత్రిలో సహాయ వైద్యునిగా చేరిన డాక్టర్ భాస్కరరావు గారు ఈ నెలాఖరున, 1998 మే ముప్పై ఒకటిన, హృద్రోగ విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్నారు. వారిని శాంతమూర్తిగా వర్ణించమని ఈ వీడ్కోలు సంచిక సంపాదకులు నన్ను కోరారు. క్షమించాలి, నా వల్ల కాదు. వారి విరమణతోపాటే పసిపిల్లల గుండెలయ చికిత్సను కూడా నిలిపివేస్తూ మొన్న ఉత్తర్వు వెలువడింది. ఒళ్లు మండిపోతోంది.

తొడలోని రక్తనాళం గుండా సన్నని తీగను గుండెలోకి పంపి, లయ తప్పించే దారిని వేడితో మాడ్చివేసే విద్యను వారు 1993లో అభ్యసించి వచ్చి, పెద్దలతోపాటు పిల్లలకూ దానిని అందించాలని పట్టుబట్టారు. “పసివాళ్లకేమైనా అయితే ఆసుపత్రి పేరు పోతుంది” అన్నారు పై అధికారులు. పేరట!

1995లో శంషాబాద్ దగ్గరి కొత్వాల్‌గూడ నుంచి ఈరమ్మ తన తొమ్మిదేళ్ల కూతురు శోభను తీసుకువచ్చేది. గుండె దడదడలాడుతూ బయలుదేరిన పిల్ల, బస్సు దిగి, చీటీ వరుసలో నిలబడి ఈసీజీ గదికి చేరేసరికి మామూలైపోయేది. బడి ఎగ్గొట్టే నాటకమని మావాళ్లు తేల్చేశారు. చివరిసారి ఆ తల్లి వరండాలోనే గొంతెత్తింది.

“నాటకమా సారూ? నా బిడ్డ రొమ్ము మీద జర చెయ్యి పెట్టి చూడుండ్రి!”

భాస్కరరావు గారు బయటికొచ్చి చెయ్యి పెట్టారు. “చీటీ తర్వాత! ముందు ఈసీజీ తియ్యండి!” అని కేక వేశారు. అక్కడే బెంచీ మీద తీయిస్తే ఆ దడ కాగితం మీద దొరికింది. నాటినుంచి మా విభాగంలో అదే పద్ధతి. చికిత్సకు అనుమతి ఇవ్వని సూపరింటెండెంటు గారిని “కుదరదని ఆ తల్లికి మీరే చెప్పండి” అంటూ వార్డుకు లాక్కొచ్చారు. ఆయన అక్కడికక్కడే అనుమతి మీద సంతకం పెట్టారు.

“ఇగ నా బిడ్డ ఉరుకొచ్చునా సారూ?” అని చికిత్స అయ్యాక ఈరమ్మ అడిగితే, “హాయిగా పరుగెత్తమనండమ్మా” అన్నారు వారు.

అటుపిమ్మట ఎందరో పిల్లలకు చికిత్స చేస్తూ, మొదట నన్ను పక్కన నిలబెట్టుకుని, ఆ తరువాత తామే పక్కన నిలబడి నాచేత చేయించారు. అయినా ఉత్తర్వులో “వారి తరువాత చేయగలవారు లేరు” అని రాశారు. నేనేమైనా గోడకు తగిలించిన పటాన్నా?

జల్‌పల్లి చంద్రమ్మ గారి ఆరేళ్ల కొడుకు ఇప్పుడు వార్డులో ఉన్నాడు. వాణ్ని పంపించెయ్యమంటున్నారు. పంపను. సోమవారం చికిత్స నేనే చేస్తాను. గురువుగారికి శాలువా కప్పబోయే పెద్దలారా, ముందు ఆ ఉత్తర్వు రద్దు చేసి, తరువాత శాలువా ముట్టుకోండి.

అత్తాపూర్ లోని స్వగృహంలో భాస్కరరావు గారు సకుటుంబంగా, ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని, ఆ నూరేళ్లలో ఏనాడూ “మీ తరువాత పిల్లలను గుమ్మంలోంచే పంపేశారు” అన్న మాట వారి చెవిన పడకూడదని ఆకాంక్షిస్తున్నాను.

– డాక్టర్ విజయ, హృద్రోగ విభాగం