గీత తప్పింది ఏ సగంలో

అశోక్‌నగర్‌లో మేడ మీది గది. అక్కడ కిరాయికుండే శ్రీదివ్య, కింది వాటా ప్రభావతి గారు.

“ఇంకా ఊడలేదా?”

“ఊడలే ఆంటీ. మూడు గంటలసంది కాగిన రోసిన్ బంకల ఉడుకుతనే ఉన్నది. చిప్పు మీది ఈ నల్ల పెంకు కదుల్తలేదు. పప్పయితే ఎప్పుడో మాడిపోయేది.”

“సుత్తితోని ఒక్కటి కొట్టరాదూ?”

“నిన్న కొట్టిన గదా. పెంకుతోని లోపలి చిప్పు గూడ ముక్కలైంది. ఇగ మీరు దాచిన వాటిల ఇదే ఆఖరుది.”

“అయితే నిమ్మళంగ కానియ్యి. నలభై మూడేండ్లు ఆగిన, ఇంకో గంట ఆగనా.”

“నిజంగ చేతితోనే కోసేదా ఆంటీ? క్యాల్కులేటర్ చిప్పు డిజైన్ మొత్తం?”

“మరి? బల్లంత ఎర్ర ఫిల్ము. బ్లేడుతోని ఒక్కొక్క గీత కోసేది. ఎడమ సగం నాది, కుడి సగం నాతోని పనిచేసే అండాలుది. దాన్ని చిన్నగ ఫోటో తీసి చిప్పు మీదికి దించేటోళ్లు.”

“అందుల ఒక గీత తప్పింది.”

“ఒక్కటే. ఏడు నొక్కితే ఒకటి చూపెట్టింది క్యాల్కులేటర్. అండాలుదే తప్పని కొలువు తీసి ఇంటికి పంపిన్రు.”

“చూడకుండనేనా?”

“కొత్తగ చేరింది కదా. చూసేదేముంది?”

“ఆగండి, ఆగండి… పగిలింది! కడిగి మైక్రోస్కోపు కింద పెడ్త.”

“పైలం.”

“అబ్బా, పైలమే. మీరు జర వెనక్కి జరగండి, వెలుతురు ఆగుతున్నది.”

“ఏమన్న కనపడ్తున్నదా?”

“ఊఁ.”

“ఊఁ అంటే?”

“చాయ్ తాగుతరా ఆంటీ?”

“చాయ్ వద్దు. ఏ సగంల తప్పింది?”

“…కుడి.”

“కుడేనా?”

“కుడే. అండాలు గారిదే. మీది మంచిగున్నది, పరేషాన్ కాకండి.”

“దివ్యా. నా మొఖం చూసి చెప్పు.”

“లెన్స్ తుడుస్తున్న ఆంటీ, ఆగండి.”

“ఎడమ సగం సాఫ్‌గ ఫోటో తియ్యి బిడ్డా. అండాలుకు చూపెట్టాలె. ఉత్త నోటితోని చెప్తే నమ్మది, ఓదార్చనీకి అంటున్నవంటది.”

“మీకు ముందే తెలుసా ఆంటీ?”

“అండాలును పంపిన దినమే నా సగం ఫిల్ము తీసి చూసిన. చూసి, మల్ల కంపెనీ బీరువల పెట్టి తాళమేసిన.”